మిగులు నరం

బొటనవేలు, చిటికెనవేలు కలిపి
మణికట్టు కొంచెం వంచమన్నది డాక్టర్ నుస్రత్.
వంచిన.
చర్మం కింద ఒక తాడు లేచి నిలబడ్డది
బట్టలారేసే దండెం లెక్క.
నలభై ఒక్క ఏండ్లు నా చేతిలనే ఉన్నది,
ఒక్కనాడు పలకరించలే.

"నరం కాదు, స్నాయువు ఇది," అన్నది.
"కొమ్మలు పట్టుకొని బతికినోళ్లకు అక్కరకొచ్చింది.
నేల మీదికి దిగినంక పని తగ్గింది.
కొందరికి పుట్టుకతోనే ఉండదు.
తీసేసినా నీకు తెల్వదు."

బాలానగర్‌ల ఇరవై ఏండ్లు లేత్ మీద నిలబడ్డోన్ని,
ఈ మాట నాకు కొత్తగాదు.
మిగులు సిబ్బంది.
ఇంటికి పంపలేక ఇంకో సెక్షన్‌ల ఏస్తరు
ఒక స్టూలిచ్చి, ఒక రిజిస్టరిచ్చి.
నా ఉంగరపువేలు తెగిన కాడికి
దీన్ని బదిలీ చేస్తరట.

ఎవరి పట్టు ఇది?
మా తాత మల్కయ్య మౌలాలి దిక్కు రాళ్లు కొట్టిండు.
ఆయన తాత పేరు ఇంట్ల ఎవరికీ తెల్వదు.
మత్తు ఎక్కుతుంటే
తాతకు తాత, ఆయనకు తాత అని లెక్కపెట్టిన.
ముందు పేర్లు అయిపోయినయ్.
తర్వాత మాటలు.
ఆ తర్వాత మడమలు నేలను ఇడిసినయ్,
ఆకుల చీకట్ల ఒక చెయ్యి మాత్రం
ఇంకో కొమ్మ కోసం తడుముతున్నది.
పదమూడు దాక వచ్చినట్టు గుర్తు.

కట్టు విప్పినంక అందరి మణికట్లు పట్టి చూసిన.
అమ్మకు రెండు చేతులకూ ఉన్నది.
సుగుణకు ఎడమకే.
పెద్దపిల్లకు అసలుకే లేదు,
"మీ అందరికన్నా ముందు చెట్టు దిగింది నేనే"
అని ఎక్కిరించింది.

రోజుకు వందసార్లు రబ్బరు బంతి పిసకాలె.
డాబా మీద ముప్పై కాడ అలిసిపోయి పక్కన పెట్టిన.
పిట్టగోడ దిగొచ్చిన కోతి ఎత్తుకపోయి,
పిసికి, వాసన చూసి,
పండు కాదని అవతల పారేసింది.
పిల్ల దాని పొట్టను కరుచుకునే ఉన్నది.
ఆ గుప్పెడు వేళ్లను చూసి
నాకు కొంచెం కుళ్లు పుట్టింది.

మూడు నెలలకు మళ్లీ డ్యూటీ.
బోయిన్‌పల్లి కాడ బస్సుకు గట్టిగ బ్రేకు పడ్డది.
బ్యాగులు, టిఫిన్లు, ఫోన్లు అన్నీ మరిచి
నలభై చేతులు ఒక్కసారి పైకి లేచినయ్.
ఎవరు నేర్పిండ్రో ఎవరికీ యాదికి లేదు.
నా చెయ్యి కూడ లేచి రాడ్‌ను దొరకబట్టింది.
నాలుగువేళ్లు టక్కున బిగిసినయ్,
ఉంగరపువేలు ఎనుక నుంచి
నెమ్మదిగ వంగుకుంట వచ్చింది.

కొత్త సెక్షన్ గదా.