బెత్తెడు చోటు

చప్పుడుకు కాదు, చప్పుడు ఆగినందుకు
ముగ్గురికీ ఒకేసారి మెలకువొచ్చింది.
ఫర్వానియాలో నాలుగో అంతస్తు, ఆగస్టు,
తెల్లవారితే శుక్రవారం.
కిటికీ ఏసీ తన గురక తాను పెడతానే ఉంది.
మంచాల నడుమ, నడుమెత్తు కూడా లేని ఫ్రిజ్జు మాత్రం
చెప్పాపెట్టకుండా నోరు మూసుకుంది.

"పాయె" అనింది పెంచలమ్మ, దుప్పట్లోంచే.
మూడేళ్ళుగా దాన్ని తిట్టిన నోరు అదే.
దస్తగిరమ్మ ఏమీ అనలా.
లేచి కూర్చుని తలుపు వైపే చూస్తాంది.
తలుపు వెనక గుడ్ల గుంతలో, గుడ్డు బదులు
ఆమె ఇన్సులిన్ సీసా.

సీసాకు తడిగుడ్డ చుట్టి ఫ్లాస్కులో దించాను.
పక్కన మంచు ముక్కలు, తగలకుండా.
గడ్డ కడితే ఆ మందు ఉత్త నీళ్ళంట.

జుమ్మా బజారులో ఆరు దీనార్లకు తెచ్చిన పెట్టె ఇది,
ట్యాక్సీకి ఇంకో రెండు.
తలుపు మీద ఎవరో అంటించిన మరియమ్మ బొమ్మ, సగం చిరిగింది.
గీకేద్దామంటే, ఉండనీలే అనింది దస్తగిరమ్మే.

మేడమ్ ఇంట్లో మిషన్లు బాగుచేసే బంగ్లా పిల్లోడు
టార్చి పట్టుకోమంటే పట్టుకునేదాన్ని.
వెలుగు పడినకాడికి నేర్చుకున్నా.

ప్లగ్గు పీకి, గోడ నుంచి ఇవతలికి జరిపితే
వెనక నల్ల తీగల జల్లెడ నిండా ఎడారి.
మే నెల తుఫానుది, పోయినేటిది, అంతకు ముందుది,
మా ముగ్గురి తలవెంట్రుకలతో కలిసి నేసుకున్న కంబళి.
ఇంత ఎండలో ఇది కప్పుకొని
మాకు చల్లదనం చేసిందా!
గోడకు ఆనించింది మేమే.
ఈ గదిలో బెత్తెడు చోటంటే ఒక సూట్‌కేసు.

పెంచలమ్మ కత్తి తెచ్చింది, మంచు పెళ్ళగించడానికి.
వద్దు మే, ఆ రేకు కింద గ్యాసు పారే నరముంది,
తెగితే ఇంక కాటికే.
గిన్నెతో పంపు నీళ్ళు పట్టుకురా చాలు.
ఈ నెలలో ఇక్కడ అర్ధరాత్రి కూడా పంపు
టీ కాచినట్టే పోస్తుంది.
రోజూ తిట్టుకుంటా మొహం కడిగే నీళ్ళు
ఈ ఒక్కపూట కలిసొచ్చినాయి.

ఆవిరికి మంచు పెళ్ళలు ఊడి పడతా పడతా
అడుగు నుంచి ఒక పొట్లం బయటపడింది.
చింతచిగురు.
పోయినేడు వాళ్ళ చెల్లెలు ఎవరితోనో పంపింది,
నేనే వండుకొని తిన్నానని
పెంచలమ్మ నాతో నెలరోజులు మాట్లాడలా.

పొట్లం చూసింది. నన్ను చూసింది.
గిన్నెలో నీళ్ళు చల్లబడినాయని
మళ్ళీ పంపు కాడికి పోయింది.

తలుపు రబ్బరులో పావు దీనారు నోటు పెట్టి మూసి లాగాను.
మూడు మూలల్లో పట్టుకుంది, నాలుగో మూలలో జారి వచ్చేసింది.
ఆ మూలకు వేడిగుడ్డ కాపడం, పైన వాజిలీన్.
మోటారు పక్కన చిన్న నల్ల డబ్బీ.
పీకి చెవి కాడ ఊపితే గలగలమనింది.
లోపల బిళ్ళ పగిలింది.
మోటారుకు ఏమీ కాలేదు,
దాన్ని నిద్ర లేపేదే చచ్చిపోయింది.

నమాజులయ్యాక గానీ అంగళ్ళు తెరవరు.
అందాకా బకాలా నుంచి ఐసు సంచులు,
ఫ్లాస్కు మూత తీస్తా, చూస్తా, మూస్తా దస్తగిరమ్మ.
కొత్త డబ్బీ ఒకటిన్నర దీనారు.
పెంచలమ్మ ఇచ్చింది.
లెక్క పుస్తకం తీస్తే, రాయొద్దులే అనింది,
గోడ వైపు చూస్తా.

సాయంత్రం ప్లగ్గు పెట్టాను.
టిక్కుమనింది. ఏమీ లేదు.
లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు,
ఆపైన అదే పాత మోత.

చింతచిగురు పప్పులో వేశాం.
ఏడాది మంచులో పులుపంతా పోయింది.
ముగ్గురం బాగుందనే అన్నాం.

"బోరింగు మాదిరి ఏం మోత మే, అవతల పారే..."
మాట పూర్తి కాకుండానే నిద్రపోయింది పెంచలమ్మ.
గోడకూ దానికీ మధ్య ఇప్పుడు బెత్తెడు చోటు.
నా సూట్‌కేసు మంచమెక్కింది.
కాళ్ళు కొంచెం ముడుచుకొని పడుకున్నా.