క్యాలెండరు వెనక సూర్యుడు

అమ్మ ఎన్నడూ తలెత్తి సూర్యుణ్ణి చూడలేదు.
చూడాల్సిన పని లేదు.
మడిలో నీళ్ళు లేతగులాబీకి తిరిగినప్పుడు,
అంచున మీగడలా తెట్టు కట్టినప్పుడు,
తన నీడ తన మడమల కిందికి దూరినప్పుడు
సూర్యుడు ఎంత పని చేశాడో
కూలి రాసే గుమస్తా కన్నా ఖచ్చితంగా చెప్పేది.

నౌపడ ఉప్పుమళ్ళ గట్టు మీదికి
ఒక మార్చి ఆదివారం
గవరయ్య మాస్టారు సైకిలు తోసుకుంటూ వచ్చాడు.
సంచిలో పాత బైనాక్యులర్సు,
చేతిలో ఎరువుల కొట్టువాడిచ్చిన క్యాలెండరు.
"ఒరే గుంటల్లారా, కంటికానించి చూసేరంటే
గుడ్డోళ్ళయిపోతారు" అని మమ్మల్ని వెనక్కి నెట్టి,
జనవరి కాగితం చింపి, తిరగేసి,
ఉప్పుకుప్పకి ఆనించి
దాని మీదికి దించాడు సూర్యుణ్ణి.
ఇడ్లీ అంత సూర్యుడు,
ఒళ్ళంతా వణుకుతూ.
ఒక అంచున, ఆవగింజల్లా, నాలుగు మచ్చలు.

అమ్మ పార గుచ్చి వచ్చింది.
"ఏటి బాబూ, దీనికీ అమ్మవారు పోసిందేటి?"

మాస్టారు నవ్వలేదు.
అవి ముడులన్నాడు.
కంటికి ఆనని అయస్కాంతపు తాళ్ళు
మెలిపడి మెలిపడి పైకి ఉబికిన చోట
లోపలి వేడి రాలేక ఆగిపోతుందట.
ఒక్కో ఆవగింజలో మన భూమి పడుతుందట.
మిగతా ఒంటికన్నా అక్కడ చల్లనట.
"ఎంత సల్లన?"
"నాలుగువేల డిగ్రీలు దాలమ్మా."
అమ్మ తన కాళ్ళకేసి చూసుకుంది.
ఉప్పునీటికి పగిలి, బీటల్లో తెల్లగా మెరిసే కాళ్ళు.
అరసవిల్లిలో ఏడాదికి రెండుమార్లు
ఎండ వచ్చి దేవుడి పాదాలు తాకుతుందంటారు.
అమ్మ పాదాలను వదిలి వెళ్ళిన రోజు లేదు.

లోపలేముందని నేనడిగాను.
పొరలన్నాడు. పైపొర గంజిలా కుతకుత ఉడుకు.
నట్టనడుమ హైడ్రోజను హీలియమవుతూ కనే వెలుగు
తిన్నగా బయటికి రాదట.
గుద్దుకుని, వెనక్కి తిరిగి, పక్కకి జారి,
టెక్కలి ఆఫీసులో మా నాన్న పింఛను కాగితంలా
బల్ల బల్లకీ ఆగి ఆగి
ఏ లక్షేళ్ళకో అంచు చేరుతుందట.
అక్కణ్ణించి నౌపడకి మాత్రం ఎనిమిది నిమిషాలు.
"అయితే మన కాయితం కూడా..." అంది అమ్మ.
మాట అక్కడే వదిలి మడిలోకి దిగింది.

పెన్సిలు నాకిచ్చి పోయాడు మాస్టారు.
రోజూ బడికి ముందు చుక్కలు పెట్టేదాన్ని.
చుక్కలు జరిగేవి.
సూర్యుడూ తిరగలేనని అప్పుడు నమ్మాను.

తొమ్మిదో రోజు వాటి పక్కన నిప్పు చిందిందట,
నాకు కనబడలేదు.
రెండు రాత్రుల తరవాత భావనపాడు దాటిన బోటులో
మైలపల్లి దానేసుకి
వైర్‌లెస్‌లో గరగర తప్ప మాట లేదు.
జీపీయస్ అతణ్ణి నేల మీద నిలబెట్టింది.
చుక్కల్ని చూసుకుని ఒడ్డుకొచ్చాడు.
సూర్యుడి పనే అంటాడు మాస్టారు,
సెట్టు పాతదైపోయిందంటాడు దానేసు.

పదమూడో రోజు మచ్చలు అంచు దాటిపోయాయి.
"మల్లీ వొస్తాయేటే?"
"రెండు వారాలకి. అప్పటికి బతికుంటే."
అమ్మ వేళ్ళు మడిచింది.
మొత్తం ఇరవై ఏడు రోజులు, నెలసరి లెక్కకి దగ్గరే.

రావాల్సిన రోజుకి మబ్బు.
సముద్రంలో తను తాగిన నీళ్ళే
తెచ్చి కుమ్మరించాడు, కాలం కాని కాలంలో,
తను పండించిన ఉప్పు మీదే.
ఆరు మళ్ళూ ఒక్క రాత్రిలో ఉత్త నీళ్ళయ్యాయి.
అమ్మ తిట్టింది. ఎవర్నో తెలీదు,
తలైతే ఎత్తలేదు.
తెల్లారి తూము విప్పి, వాననీళ్ళు తోలి,
మళ్ళీ బురద తొక్కడం మొదలెట్టింది.

ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.
పెన్సిలు చుక్కలు వెలిసిపోయాయి.
మూలన మాత్రం, ఏ రోజు తాకిందో,
అమ్మ బొటనవేలంత తెల్లమచ్చ.
కిటికీలో ఎండకి పెట్టి కాస్త వంచితే
నాలుగైదు గింజలు మెరుస్తాయి.