అప్పగింత

అట్టపెట్టెలో వద్దు సలోమీ, ఊపిరాడదు.
కొంగులో పెట్టుకో.
నీ గుండె చప్పుడు వింటూ
ఏటుకూరు రోడ్డు దాకా నిద్రపోతుంది.

నిన్నటికి నలభై ఐదు రోజులు నిండాయి.
మొహం తల్లి పోలిక. తోక ఎవరిదో,
మా వీధిలో ఎవరూ ఒప్పుకోవడం లేదు.

సూది తేదీలు గ్యాసు పుస్తకం వెనక రాసిచ్చాను.
పోగొట్టకు.
పశువుల ఆసుపత్రిలో నీకు ముందు ఒక గేదె ఉంటుంది,
దాని ముందు ఇంకో గేదె.
విసుక్కుని వచ్చేయకు.
పోయినేడు నేను వచ్చేశాను.
వచ్చేయడం కూడా కాదు, అసలు పోలేదు.
ఆ రోజు యార్డులో సరుకు పోటెత్తింది,
తొడిమలు తీస్తే
కిలోకి రెండు రూపాయలు ఎక్కువన్నాడు మేస్త్రి.
రేపు పోదాంలే అనుకున్నాను.
నాలుగు రోజుల్లో నాలుగు పిల్లలు,
నెత్తురు విరేచనాలు,
పాలకు పోయినంత వరసగా
ఒకదాని వెనక ఒకటి పోయాయి.
ఆ మూలని ఇప్పటికీ బ్లీచింగుతో కడుగుతాను.

సరే, అది వదిలేయ్. విను.

మన చేతులే దీనికి పెద్ద గండం.
రోజంతా తేజ కాయ తొడిమలు తీసిన వేళ్ళు
సబ్బు రుద్దినా మండుతూనే ఉంటాయి కదా.
దీని తల్లి ఒకసారి నా వేలు నాకి
ఇంటి చుట్టూ ఏడుసార్లు తిరిగింది,
ఏ దేవుడికి మొక్కుకుందో!
నూనె రాసి, శనగపిండితో రుద్ది,
చీర మార్చి, అప్పుడు పిలువు.
మాఘం నుంచి వైశాఖం దాకా
మన గుంటూరులో గాలే తుమ్ముతుంది.
మనకి ముక్కు దాకా వచ్చే ఘాటు
దానికి నేల మీదే మొదలు.

రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు,
పాదాల ఊసు ఎవరూ ఎత్తరు.
నీ చెయ్యి వెనక్కి తిప్పి తారు రోడ్డుకి ఆనించు.
అయిదు లెక్కపెట్టే లోపు లాక్కుంటే
అది కూడా నడవలేదు.
పాలబండి వేళకే తిప్పుకొచ్చేయ్.
మట్టి మూకుట్లో నీళ్ళు పొయ్యి.
నీడ జరిగినప్పుడల్లా మూకుడూ జరగాలి.

వానలు పడితే గోమార్లు.
చెవి వెనక, వేళ్ళ సందుల్లో, తోక కింద
పిల్లల తల్లో పేలు చూసినంత ఓపికగా చూడాలి.
నలపకు. మొదట్లో పట్టి మెల్లగా లాగి
సబ్బునీళ్ళ గ్లాసులో వెయ్యి.
మీ చిన్నది ఈ పని బాగా చేస్తుంది,
పందెం కట్టు, లెక్క కూడా వస్తుంది.

కోడి ఎముక వెయ్యొద్దు,
ఉడికిన ఎముక సూదులుగా చీలుతుంది.
మీ ఎదురింటి ఖాజాబీ మంచి మనసుతోనే వేస్తుంది,
నువ్వూ మంచి మనసుతోనే వద్దని చెప్పు.
ఉల్లిపాయ కూర, చాక్లెట్ పెట్టకు.
ఒళ్ళు వెచ్చబడిందని
నీ మొగుడి జ్వరం బిళ్ళ సగం విరిచి పెట్టేవు,
మనల్ని లేపి కూర్చోబెట్టేది
దాన్ని పడుకోబెట్టేస్తుంది.

దీపావళి రాత్రి మంచం కింద దూరుతుంది.
బయటికి లాగకు.
కిటికీలు మూసి, టీవీ పెంచి,
నువ్వే కింద కూర్చో ఆ రెండు గంటలూ.
మెడ పట్టీ మీద నీ ఫోన్ నంబరు రాయించు.
బెదిరిన కుక్కకి
తన ఇల్లు కూడా పరాయి వీధే.

పేరా? నీ ఇష్టం.
నేను పెట్టలేదు.
పెడితే ఇవ్వలేను.

తల్లికి ఒకసారి వాసన చూపించి తీసుకుపో.
గేటు దాటాక వెనక్కి తిరగకు,
అది వెంట వస్తుంది. నేనూ వస్తానేమో.

ఆగాగు, ఏదీ చేతులు చూపించు.
కడుక్కునే వచ్చావా?
సరే.
ఇంకోసారి కడుక్కో.