మచ్చిక

ఆ ఏడు మా మందలో పుట్టిన పిల్లలు మూడు వందల పన్నెండు.
తోకలు కత్తిరించే నాటికి మిగిలినవి తొంభై.
నాన్న రెండోసారి లెక్కపెట్టలేదు.
పెన్సిలు చెవి మీద దోపుకుని
బార్కూ నది ఎండిన వైపు
చాలాసేపు చూశాడు.

అడవి కుక్కలు ఆకలికే చంపితే
ఎలాగో సర్దుకుపోయేవాళ్లం.
డింగో నెత్తురూ
ఎవరో వదిలేసిన వేటకుక్క నెత్తురూ కలిసి పుట్టినవి,
ఒకదాన్ని తిని ఇరవైని కొరికి పోయేవి.
వెనక తొడ చీలిన గొర్రె నిలబడే ఉండేది
నోట్లో గడ్డితో,
నాన్న తుపాకీ తెచ్చేదాకా.
మొదటి గుండుకి చెవులు మూసుకున్నాను.
పదో గుండు పేలినప్పుడు గిన్నెలు తోముతున్నాను.

కంచె ఎత్తు పెంచాం.
అప్పు అంతకంటే ఎత్తుకి పెరిగింది.
విమానంలోంచి విషం పూసిన మాంసం ముక్కలు చల్లారు.
మా మందలు తోలే జిగ్ కూడా ఒక ముక్క తింది.
అది ఎలా పోయిందో
తమ్ముడు డార్బీకి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

అప్పుడొచ్చింది మోయా కెనాఫ్
ట్రక్కు వెనక బంగాళాదుంపల పెట్టెలో
రెండు తెల్లటి కుక్కపిల్లల్ని వేసుకుని.
"గొర్రెల మధ్య వదిలెయ్యండి.
ఎత్తుకోవద్దు, ఇంట్లోకి రానివ్వద్దు, పేరు పెట్టొద్దు.
మీకు మచ్చికైతే మీ గుమ్మం కాస్తుంది.
గొర్రెలకి మచ్చికైతేనే గొర్రెల్ని కాస్తుంది."
టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

డార్బీకి అప్పుడు ఆరేళ్లు.
దొడ్డి చెక్కల సందులోంచి వేలు పెట్టాడు.
నాన్న ఆ చెయ్యి వెనక్కి లాగాడు.
కొట్టలేదు.
లాగిన చేతిని
తన కోటు జేబులో పెట్టుకున్నాడు.

పిల్లలు రాత్రంతా ఏడ్చేవి.
ఇంటికీ దొడ్డికీ నలభై అడుగులు.
వెళ్లకుండా ఉండేందుకు
నాన్న తన బూట్లు అమ్మ చేతికిచ్చి
వరండాలో వట్టి కాళ్లతో కూర్చునేవాడు,
జులై చలిలో.
ఒకటి పాముకాటుకి పోయింది.
రెండోది ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఆరో రాత్రి ఏడుపు ఆగింది.
లాంతరు తీసుకెళ్లి చూస్తే,
పిల్లని పోగొట్టుకున్న ముసలి గొర్రె ఒకటి
దాని పక్కన పడుకుని నెమరేస్తోంది.
కుక్కపిల్ల ముక్కు ఉన్నిలో కూరుకుపోయి ఉంది.
ఆ రాత్రే
మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు.

మూడేళ్ల తర్వాత, పిల్లలు పుట్టే రోజులు.
మల్గా చెట్ల అవతల
రాత్రంతా ఒకటే మొరుగుడు,
దానికి బదులుగా నాలుగైదు గొంతులు.
తెల్లారేసరికి గొర్రెలన్నీ కంచె మూల
ఒకే ముద్దగా నిలబడి ఉన్నాయి.
వాటి ముందు అది.
ఒక చెవి లేదు. తెల్లటి ఛాతీ తెల్లగా లేదు.

కాస్త దూరంలో చచ్చిన అడవి కుక్క.
నాన్న బూటుతో దాని తల పక్కకి తిప్పాడు.
మెడ చుట్టూ వెంట్రుకలు మొలవని గీత,
ఒకప్పటి పట్టీ జాడ.
ఎవరికో మచ్చికైనదే ఇదీ.

డార్బీ టోపీ తీసి నీళ్లు పోసి పట్టాడు.
అది తాగింది, ఆపకుండా.
తాగి వాడి ముఖంలోకి చూసింది
దారి చెప్పిన బాటసారిని చూసినట్టు.
కుంటుకుంటూ వెనక్కి నడిచింది.
గొర్రెలు చీలి, దారిచ్చి,
మళ్లీ దాని మీద మూసుకున్నాయి.
వాడు తడి టోపీ అలాగే నెత్తిన పెట్టుకున్నాడు.
ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక
నాన్న జేబు వెతుక్కున్నాడు.

ఆ సాయంత్రం లెక్కల పుస్తకంలో
గొర్రెల వరసలో నాన్న
ఒకటి ఎక్కువ రాశాడు.
అమ్మ రబ్బరు తీసింది.
వద్దన్నాడు.