ఇంటూ మార్కులు

మా పెట్టెలో అరవై బొమ్మలుంటాయి.
బొమ్మ చూపించాలి, ఇరవై సెకన్లు ఆగాలి.
పేరు చెబితే టిక్కు,
చెప్పకపోతే ఇంటూ.
స్పీచ్ థెరపీలో నాకు మొదట నేర్పింది ఇదే.

సాల్ఫర్డ్ ఆసుపత్రి, పై అంతస్తు, కిటికీ పక్క మంచం.
ఆల్విన్ స్కోఫీల్డ్, డెబ్బై ఒకటి,
రొట్టెల వ్యాను తోలినవాడు.
ఎడమ మెదడులో నెత్తురు గడ్డకట్టి
కుడి చేతినీ మాటల మూటనీ ఒకేసారి లాక్కుపోయింది.
మిగిల్చింది ఒక "ఆఁ", ఒక బూతు.
బూతు మాత్రం
ఎంత శుభ్రంగా పలికేవాడో!

పన్నెండో బొమ్మ:
చిన్న గుండ్రటి రొట్టె, మధ్యకి కోసి వెన్న రాసింది.
కాగితంలో జవాబు "రోల్".
ఆయన పెదాలు దగ్గరికొచ్చాయి, విడిపోయాయి,
లోపలెక్కడో బరువు బండి మిట్ట ఎక్కుతోంది.
"బా..." అన్నాడు.
"బార్మ్."
ఇంటూ.

కాన్వాసు బూట్లు చూపిస్తే "పంప్స్" అన్నాడు.
నీళ్లు తోడేవనుకున్నాను.
ఇంటూ.

మధ్యాహ్నం ఒంటిగంటకి ట్రే వచ్చింది.
ఇదేమిటని అడిగితే "డిన్నర్".
రాత్రో పగలో కూడా తెలియడం లేదు పాపం, అని
మార్జిన్లో రాశాను.
చక్కటి చేతిరాత నాది.

ముప్పై నాలుగు: రెండిళ్ల గోడల మధ్య ఇరుకు సందు.
"గినెల్."
అర్థంలేని శబ్దం.
రోగి సొంతంగా పుట్టించుకునే ఇలాంటి మాటలకి
మా చదువులో ఒక గ్రీకు పేరుంది.
ఆ పేరు కూడా రాసి, కింద గీత గీశాను.

పక్క మంచం డెనిస్ ఆల్సాప్‌ది.
డార్బీ మనిషి, కూతురింటికొచ్చి పడిపోయాడు.
కాలు పోయింది గానీ నోటికేం కాలేదు.
"బార్మ్ ఏంటయ్యా, అది కాబ్!
ఎవరినైనా అడుగు!"
టీ బండి తోసే బెరిల్‌ని అడిగారు.
కవెంట్రీలో పుట్టిన పిల్ల,
"బ్యాచ్ కదా?" అంది అమాయకంగా.

అంతే, వార్డంతా లేచింది.
దిండుకి ఆనుకున్న మనిషి
ఎడమ మోచేతి మీద పైకి లేచి,
ముఖం బీట్‌రూట్ దుంపలా చేసి,
"కాబ్ కాదు. బార్మ్.
నలభై ఏళ్లు అమ్మాను నేను."

మూడు వారాల్లో మొదటి వాక్యం.
మొదటి రెండూ, మూడూ కూడా.
అందులో బూతు లేదు.
బెరిల్ టీ ఒలకబోసింది.
డెనిస్ దుప్పటి సర్దుకుంటూ
"సరేలే, నీ రొట్టె నీ ఇష్టం" అన్నాడు.

ఆ రాత్రి గదిలో కాగితాలు మళ్లీ తిరగేశాను.
ముప్పై నాలుగో బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది.
సస్సెక్స్‌లో, మా అమ్మమ్మ లూయిస్ వీధుల్లో
ఆ సందుని "ట్విటెన్" అంటారు.
వాన పడితే సున్నపురాయి వాసన వేసేది,
మోచేతులు రెండు గోడలకీ తగిలేవి.
కాలేజీలో మొదటి వారం ఎవరో నవ్వారు,
అక్కడే మింగేశాను ఆ మాటని.
అప్పట్నుంచీ నా జవాబులన్నీ
కాగితంలో ఉన్నట్టే ఉంటాయి.
నాకెవరూ ఇంటూ వెయ్యలేదు.

ఆసుపత్రి కాగితం మీద చెరపకూడదు.
గీత కొట్టాలి, పక్కన పొడి అక్షరాలు, తేదీ.
పదకొండు గీతలు కొట్టాను.
మార్జిన్లోని "పాపం" మీద కూడా ఒకటి.

మర్నాడు అదే బొమ్మ పట్టుకుని వెళ్లాను.
"గినెల్" అన్నాడు, ఈసారి నాలుగు సెకన్లలో.
"మా ఊళ్లో ట్విటెన్" అన్నాను,
పదేళ్ల తర్వాత పైకి, కొంచెం వణుకుతూ.

ఆల్విన్ నన్ను ఎగాదిగా చూశాడు.
ఇరవై సెకన్లూ పూర్తిగా ఆగాడు.
ఆ తర్వాత ఎడమ చెయ్యి ఎత్తి,
చూపుడు వేలితో గాల్లో, శ్రద్ధగా,
ఒక ఏటవాలు గీత,
దాని మీద అడ్డంగా ఇంకొకటి.