సాక్షి సంతకం

కోఠీల ఆ మెడికల్ ఏజెన్సీ మెట్ల కింద
పదిహేడేండ్ల సంది తాళంచెవులు చేస్తున్న.
మంగళారం పొద్దుగూకంగ జీపొచ్చింది.
ఇద్దరు సాక్షులు కావాలన్నరు,
లస్సీ బండి ఖాదర్ భాయ్‌ని పిలిచిన్రు,
ఇంకొకరు దొరకక నన్ను.

లోపల ట్యూబులైటు కొట్టుకుంటున్నది.
వసుంధర మేడం అట్టపెట్టెలు లెక్కపెడుతుంటే
గుమస్తా రాస్తుండు: నలభై మూడు.
"పట్టీ మీద ఐదువందలని ఉన్నది,
ల్యాబుల నూట పన్నెండే తేలింది" అన్నదామె,
కిరాణంల తూకం చెప్పినట్టు.
"మిగిలిందేంది మేడం?" ఖాదర్ భాయ్ అడిగిండు.
"పిండి. సుద్ద."
గోవర్ధన్ సేఠ్ ఏసీ దిక్కు చూసుకుంట
"కంపెనోడు పంపిండు, నేనమ్మిన" అన్నడు.

లక్క కరిగించిన్రు.
బట్టసంచి మూతి మీద ఎర్రగ బొట్టు పడంగనే
ఇత్తడి ముద్ర ఒత్తిన్రు.
కమురు వాసన.

నా పని కూడ డూప్లికేటే.
బోర్డు మీద అదే రాసుకున్న, దాసలే.
కాని నా చెవి తాళం తియ్యకుంటే
మనిషి మర్లి వచ్చి నా మొకాన కొడతడు.
గోళి పని చెయ్యకుంటే
ఎవడొస్తడు మర్లి?

సంతకానికి ముందు బ్యాచ్ నంబరు చదివిన్రు,
సాక్షులు వినాలంట.
ఆఖరుకు ఏడు, సున్న, నాలుగు.

ఇంటికి పోయి బిస్కెట్ల డబ్బ బోర్లించిన.
పోయిన వానకాలం మా నీలవేణికి తెచ్చిన పట్టీ,
వాడంగ మిగిలినయి రెండు.
తొమ్మిది దినాలు దిగలే దాని జెరం,
నీలోఫర్ల సూదేసినంకనే దిగింది.
"మింగినట్టు చేసి కిటికీలకెల్లి ఉమ్ముతున్నవ్" అని
ఏడో దినం చెంప మీద ఒక్కటిచ్చిన.
"మింగిన నాయినా" అన్నది.
నోరు తెరిచి, నాలుక లేపి చూపించింది.
నేను నమ్మలే.

దుకాణపోడు కత్తెరేసి ఇచ్చిన పట్టీ అది.
నంబరు నడుమకు తెగింది.
చెవి పండ్లు చూసే అద్దం కింద పెట్టిన:
ఏడు ఉన్నది.
దాని పక్కకు సగం గుండ్రం,
సున్ననో, ఆరో, తొమ్మిదో.
అటు తిప్పిన, ఇటు తిప్పిన.

నీలవేణి వచ్చి భుజం మీదికెల్లి వంగింది.
"ఎవరికి నాయినా జెరం?"

నా వేళ్లకు లక్క వాసన ఇంక పోలే.