అల్లం లేని మాట

సంగడిగుంటలో జెరాక్సు షాపు మీద
రేకుల గది నాది.
సాయంత్రం ఆరింటికి పద్నాలుగు మంది
తుమ్ముకుంటూ మెట్లెక్కుతారు.
ఫిబ్రవరి వచ్చిందంటే మా ఊళ్లో
తుమ్ముల్ని బట్టి హాజరు వేసుకోవచ్చు.

ఆవేళ బోర్డు మీద రాశాను: జింజర్లీ.
పని జరిగిందని కాదు, ఎలా జరిగిందో చెప్పే మాట, అన్నాను.
మస్తాన్‌వలి చెయ్యెత్తాడు:
"అల్లంగా అనా సార్?"
గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను.
"అల్లం లేదురా దీంట్లో, ఘాటు అసలే లేదు.
పగిలేదాన్నో, కాలేదాన్నో
తాకీ తాకనట్టు తాకడం."

ఇంకో మాట చెప్పమన్నారు.
కేర్‌ఫుల్లీ రాశాను, వెంటనే తుడిపేశాను.
అది లారీల వెనకాల అరిగిపోయిన మాట.
వేరిలీ అంటే అందులో అనుమానం ఉంది,
కాటా ముల్లు వంక చూసే రైతు కన్నులాగ.
డెలికేట్లీకి గాజు సామాను కావాలి,
ఈ పిల్లల ఇళ్లలో అన్నీ స్టీలువే.

పోనీ తెలుగులో?
ఆచితూచి, అన్నాను.
"మా నాయన యార్డులో టిక్కీలు తూచినట్టా సార్?"
మళ్లీ వలీయే.
పదిలంగా అంటే దాచుకోవడమైపోయింది.
మెల్లగా అంటే పనిదొంగ కూడా మెల్లగానే చేస్తాడు.
సుద్దముక్క అయిపోయింది.
మాట చిక్కలేదు.
సొంత వాక్యం రాసుకు రండి, అని పంపేశాను.

మర్నాడు పదమూడు నోటు పుస్తకాల్లో
పదమూడు పిల్లులు
పదమూడు గోడల మీద జింజర్లీ నడిచాయి.
గైడులో ఉన్న పిల్లే.
పద్నాలుగోది సువార్తది.
"మా అమ్మ తమ్ముణ్ణి జింజర్లీ ఎత్తుకుంటుంది."
ఎర్ర పెన్నుతో కింద గీత గీశాను.
"ఏం, వాడికి దెబ్బ తగిలిందా?"

"లేదండీ. అమ్మ తొడాలు తీసొస్తది కదండీ."

కోల్డ్ స్టోరేజీలో పొద్దుట్నుంచీ
తేజ కాయలు, తాలు కాయలు.
మజ్జిగలో ముంచినా కొబ్బరినూనె రాసినా
కారం గోళ్ల కింద కాపరం పెడుతుందట.
అందుకని దీవెనమ్మ
పది వేళ్లూ దూరంగా విరిచిపట్టుకుని
మోచేతుల మధ్య ఎత్తుకుంటుందట కొడుకుని.
వాడి కన్నీళ్లు భుజంతో తుడుస్తుందట.
జడ? జడ సువార్తే వేసుకుంటుంది,
జనవరి నుంచి మే దాకా.
"నా చెంపలు ముట్టుకోదండీ. ఊరికే ఊదుతది."
అని, కాస్త ఆగి,
"ఇది జింజర్లీయేనా అండీ? తప్పా?"

ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను ఈ మాట.
ఇరవై రెండేళ్లుగా పిల్లినే నడిపిస్తున్నాను గోడ మీద.

వెనక బెంచీలోంచి వలీ మెల్లగా అన్నాడు:
"అయితే మిర్చిగా అనాలి సార్."
ఎవరూ నవ్వలేదు.
ఒకడు తుమ్మాడు.

ఎర్ర గీత పక్కన ఏం రాయాలో తోచలేదు.
కరెక్ట్ అని రాస్తే
దేన్ని కరెక్టన్నట్టు?

రాత్రి ఏటుకూరు రోడ్డు మీద షేర్ ఆటో ఆగింది.
లోపల ఐదుగురు ఆడవాళ్లు, చీరల మీద మగ చొక్కాలు,
అరచేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని
ఎవరివో చేతులు మోసుకెళ్తున్నట్టు కూర్చున్నారు.
ఒకామె గాలికి చెయ్యి బయట పెట్టింది.
"ఎక్కండి సార్, జరుగుతాం" అంది ఇంకొకామె,
మోచేత్తోనే చోటు చూపించి.

ఎక్కాను.
ఎలా కూర్చున్నానో
ఇప్పుడు నన్నెవరైనా అడిగితే
ఒక్క మాటలో చెప్పగలను.